ఇరుపక్షములవారును నమ్మిన దైవజనుడు: ష్వార్ట్జ్ అయ్యగారి జీవితము

పుదుచ్చేరికి పడమరగా సుమారు 10 కిలోమీటర్ల దూరములో, విళుప్పురము పోవు దారిలో, విల్లియనూరు అను ఊరు కలదు. మన యానాము ఏ కేంద్రపాలిత ప్రాంతమునకు చెందినదో ఈ ఊరును దానికే చెందినది. నేడు అచ్చట ప్రాచీనమైన తిరుకామీశ్వరాలయమును, రోమను కథోలికుల లూర్దుమాత గుడియు, ముస్లిముల పేటయు ఇరుగుపొరుగుగా నున్నవి. రెండు వందల డెబ్బది యేండ్ల క్రిందట అక్కడ వినబడినది ఫిరంగుల మోత.

కర్ణాటక నవాబు పదవికై పోరాడుచున్న చందాసాహెబు 1749లో తనకు తోడ్పడిన ఫ్రెంచివారికి విల్లియనూరు, బాహూరు ప్రాంతముల గ్రామములను ధారాదత్తము చేసెను. 1760లో ఐర్ కూట్ నాయకత్వమున ఆంగ్లేయులు విల్లియనూరు కోటను పట్టుకొనిరి. ఆ దినములలోనే మైసూరునుండి హైదరాలీ పంపిన దండొకటి ఫ్రెంచివారికి ఆహారసామగ్రి చేర్చుటకై ఆ చుట్టుపట్లకు వచ్చియుండెను. కోట చేయి జారిన పిమ్మట ఆ దండు వెనుకకు మరలిపోయెను. 1761 జనవరిలో పుదుచ్చేరి లొంగిపోయెను. 1763 నాటి పారిసు సంధి చొప్పున అది మరల ఫ్రెంచివారి వశమాయెను. 1778లో ఆంగ్లేయులు దానిని మరియొకమారు ముట్టడించి పట్టుకొనిరి. ఏ జెండా ఎగిరినను విల్లియనూరు రైతునకు దక్కినది త్రొక్కబడిన వరిమడియే. రాజులును కంపెనీలును వ్రాసికొనిన ఏ సంధిపత్రమునందును అతని మాట అడిగినవారు లేరు.

ఈ మైదానమునకు దక్షిణముగా, ఒక దినపు నడకలో నున్న కడలూరు రేవున, 1750 జూలైలో 23 ఏండ్ల జర్మను యువకుడొకడు ఓడ దిగెను. ఆయన పేరు క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జ్.

ఆయన 1726లో ప్రష్యా రాజ్యములోని సోనెన్‌బర్గు అను చిన్న పట్టణమున జన్మించెను. అది నేడు పోలెండు దేశములో నున్నది. తల్లి ఆయన పసితనముననే మరణించెను. తాను ఆ బిడ్డను ప్రభువు సేవకు సమర్పించితినని, వాడు ఆ పిలుపును కోరిన దినమున అడ్డుపడవద్దని ఆమె మరణశయ్యమీదనుండి భర్తకును కాపరికిని అప్పగింత చేసెను. 1746లో ఆ యువకుడు హాలె విశ్వవిద్యాలయములో చేరెను. తెలుగు క్రైస్తవులకు హాలె పేరు పరాయిది కాదు. మన భాషలోనికి మొట్టమొదట బైబిలును తర్జుమా చేసిన బెంజమిన్ షుల్జ్ చెన్నపట్టణము విడిచి తిరిగి చేరినది అక్కడికే. ఆ తర్జుమా అచ్చునకు నోచుకొనలేదు గాని, తెలుగు అక్షరములతో అచ్చయిన తొలి పుస్తకములు ఆయన కృషివలన 1746లో హాలెయందే వెలువడెను. ఆ షుల్జ్ పాదములయొద్దనే ష్వార్ట్జ్ తమిళము నేర్చుకొనెను. తమిళ బైబిలు అచ్చుపనిలో సహాయము చేయుటకై నేర్చిన భాష ఆయనను ఆ భాష మాటలాడు దేశమునకే లాగుకొని వచ్చెను. 1749లో కోపెన్‌హేగను నగరమున అభిషేకము పొంది, 1750 జూలై 30న తరంగంబాడి చేరెను. నాలుగు నెలలు గడువకమునుపే తమిళములో ప్రసంగించెను.

తరంగంబాడి డేనులది. అక్కడి మిషను డెన్మార్కు రాజు స్థాపించినది, బోధకులు జర్మనులు, ధనసహాయములో కొంత ఇంగ్లండునుండి వచ్చునది. కాబట్టి ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని నడుమ జరుగుచున్న పోరులో ఆయన ఎవరి మనుష్యుడును కాడు. 1758లో ఫ్రెంచివారు కడలూరును పట్టుకొనినప్పుడు అక్కడి మిషనెరీ కీర్నాండరు ఇల్లు వాకిలి విడిచి కలకత్తాకు వెళ్లవలసివచ్చెను. ఆ వార్త విన్న తరంగంబాడివారికి యుద్ధము సువార్త పనిని ఎట్లు తుడిచివేయునో వేరుగా చెప్పనక్కరలేదు.

1762 నుండి ఆయన పని తిరుచినాపల్లికి మారెను. అక్కడ పాత కట్టడములో ఒక చిన్న గదియే ఆయన నివాసము. అన్నము, కూర, ఒక దీపము, కొన్ని పుస్తకములు. ఆయన వివాహము చేసికొనలేదు. 1764లో మదురై ముట్టడిలో గాయపడిన సిపాయిలకు పరిచర్య చేసెను. తిరుచినాపల్లిలో ఆయన చేత ఆలయము లేచినది 1766లో. తరువాత కంపెనీవారు ఆయనను తమ దండునకు చాప్లెనుగా నియమించి, సాలుకు 100 పౌనుల జీతమిచ్చిరి. ఆ సొమ్ములో పెద్ద భాగమును ఆయన మిషను పనికే ఖర్చుచేసెను. అయినను ఒక పక్షము జీతము తీసికొనువాడు ఉభయపక్షములకు మధ్యవర్తిగా నుండగలడా అను ప్రశ్న ఇక్కడనే పుట్టినది. ఆయన భక్తులు వ్రాసిన చరిత్రలు దీనిని తేలికగా దాటిపోవును. మనము దాటరాదు, ఏలయనగా ఆ ముల్లు ఆయనకు ముందుముందు గ్రుచ్చుకొన్నది.

భాషలయందు ఆయన శ్రద్ధ అసామాన్యము. తమిళముతో తృప్తిపడక, నవాబు కొలువువారితో మాటలాడుటకు పారసీకమును, సిపాయిలకొరకు హిందుస్థానీని, తంజావూరు ఆస్థానముకొరకు మరాఠీని, పోర్చుగీసు సంతతివారికొరకు వారి భాషను నేర్చెను. ఆ కాలమున ప్రతి కొలువులోను దుబాసీ ఉండెడివాడు. పుదుచ్చేరిలో డూప్లేకు ముఖ్య దుబాసీగా నుండిన ఆనందరంగ పిళ్లై దినచర్య చదివినవారికి ఆ పదవి బలమెంతటిదో తెలియును. కాని దుబాసీ వేరు, మధ్యవర్తి వేరు. తర్జుమా పనిలో జీవితము గడిపినవారికి ఈ భేదము త్వరగా తట్టును. దుబాసీ మాటను ఒక నోటినుండి మరియొక చెవికి చేర్చును, ఆ మాట నిజమగునో కాదో అతని బాధ్యత కాదు. మధ్యవర్తియైతే ఇద్దరిమీదను చెయ్యివేసినవాడు గనుక, ఆ మాట తప్పినయెడల ఆ తప్పు అతని తలమీదికి వచ్చును. యోబు భక్తుడు అట్టివానిని కోరుకొని కానక దుఃఖించెను. 1779లో ష్వార్ట్జ్ అయ్యగారు దుబాసీగా పంపబడి మధ్యవర్తిగా బాధపడెను.

ఆ కథ ఇట్లు జరిగినది. 1769లో హైదరాలీ చెన్నపట్టణపు పొలిమేరవరకు వచ్చి కంపెనీతో సంధి చేసికొనెను. ఒకరిమీదికి శత్రువు వచ్చినప్పుడు రెండవవారు తోడ్పడవలెనని అందలి షరతు. అటుపిమ్మట మరాఠాలు మైసూరుమీదికి వచ్చినప్పుడు కంపెనీ కదలలేదు. 1779 మార్చిలో, తన రక్షణలో నున్నదని హైదరాలీ చెప్పుకొనిన మాహే రేవును ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి తీసికొనిరి. హైదరాలీ కోపముతో నుండెను. అప్పుడు చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ రంబోల్డు, కంపెనీవారి మనస్సు సమాధానము కోరుచున్నదని రహస్యముగా హైదరాలీకి తెలియజేయుటకు ష్వార్ట్జ్‌ను ఎన్నుకొనెను. కంపెనీ దూతలను నమ్మని హైదరాలీ, ఈ క్రైస్తవుని పంపినయెడల ఇతడు తన్ను మోసగింపడని ఎంచెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి.

ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. ప్రార్థించి ఆలోచించెను. ఈ ప్రయాణము రక్తపాతమును తప్పించుటకైతే వెళ్లవచ్చును. దారిపొడుగునను సువార్త చెప్పవచ్చును. అయితే కానుక ఏదియు చేతితో ముట్టరాదు. ఈ నిశ్చయముతో జూలైలో తిరుచినాపల్లినుండి బయలుదేరి, కరూరులో అనుమతికై దాదాపు ఒక నెల వేచియుండి, గజ్జలహట్టి కనుమ ఎక్కి, ఆగస్టు నెలాఖరునకు శ్రీరంగపట్టణము చేరెను.

హైదరాలీ ఆయనను తన ప్రక్కన తివాచీమీద కూర్చుండబెట్టుకొనెను. ష్వార్ట్జ్ ఆ కొలువును శత్రువు కన్నులతోగాని పొగడువాని కన్నులతోగాని చూడలేదు. చదువురాని ఆ ప్రభువు లేఖలను చెప్పి వ్రాయించి, చదివించి, మరియొకనిచేత సరిచూపించు తీరును ఆయన గమనించెను. పన్నుల అధికారులను కొరడాలతో కొట్టించు భటులనుకూడ చూచి వ్రాసెను. ఎవడు ఏ మతమువాడని హైదరాలీ విచారింపడనియు, ఎవని మతము వానికి విడిచిపెట్టుననియు గుర్తించెను. మైసూరు కొలువులో జర్మను సిపాయిలు కొందరుండిరి. ఆయన అక్కడ నున్న ఆదివారములలో వారికి బహిరంగముగా ఆరాధన జరిపించెను. ఎవరును అడ్డుచెప్పలేదు.

సంభాషణ సౌమ్యముగానే జరిగినది. కాని ఆ నెలలలోనే మన తెలుగు దేశములో మరియొక పని నడుచుచుండెను. కంపెనీవారు గుంటూరు సీమను బసాలత్ జంగునుండి తీసికొని, ప్రతిగా ఆయన రక్షణకు హార్పరు అను సేనాని క్రింద ఒక దళమును పంపిరి. ఆ దళము కడప సీమలో హైదరాలీ ఏలుబడిలోని దారిగుండా, ఆయన అనుమతి లేకయే పోవ చూచెను. హైదరాలీ మనుష్యులు దానిని అడ్డగించిరి. ఒక చేతితో సమాధానపు మాట పంపుచు, మరియొక చేతితో ఆయన దేశములోనికి తుపాకులు పంపుట! గుంటూరు, కడప పేర్లు విన్నప్పుడు ఈ సంగతికూడ మన జ్ఞాపకమునకు రావలెను. హైదరాలీ తన ఫిర్యాదులన్నియు వ్రాయించిన లేఖను ష్వార్ట్జ్ చేతికిచ్చి అక్టోబరులో సాగనంపెను. దారిఖర్చులకని 300 రూపాయలు ఇచ్చెను. ఆ సొమ్మును ఆయన చెన్నపట్టణపు అధికారులకు అప్పగింపగా, ఉంచుకొనుమని వారు చెప్పిరి. దానిని తంజావూరిలో అనాథ బాలుర పాఠశాలకు వినియోగించెను.

లేఖను కంపెనీవారు లక్ష్యపెట్టలేదు. 1780 జూలైలో హైదరాలీ 80 వేలకు పైబడిన సైన్యముతో కనుమలు దిగి కర్ణాటకమును దహించెను. ఇట్లు ఆ దౌత్యము విఫలమైనది. తప్పు దూతలోనిది కాదు. ఆయన మాట ఆయనదిగా నిజమే, పంపినవారిదిగా నిజము కాదు. హైదరాలీ ఈ భేదమును ఎరిగినవాడుగానే కనబడుచున్నాడు, ఏలయనగా యుద్ధము సాగుచున్న కాలమున ఈ పాదిరిని ఎక్కడను ఆటంకపరచక పోనియ్యవలెనని తన సేనాధిపతులకు ఆజ్ఞాపించెను. కంపెనీ జీతము తీసికొనువాడైనను, శత్రుసైన్యముల మధ్య ఆయన నిరాటంకముగా తిరుగుచుండెను. హైదరాలీ 1782 డిసెంబరులో మన చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేటయొద్ద దండులోనే మరణించెను.

శ్రీరంగపట్టణము తరువాత ష్వార్ట్జ్ పద్ధతి కొంత మారినదని నా అభిప్రాయము. పరుల మాటను మోయుట తగ్గించి, తాను చెల్లింపగలిగిన మాటనే ఇచ్చుట మొదలుపెట్టెను.

1778 నుండి ఆయన తంజావూరిలో నివసించుచుండెను. నాయకరాజుల నాటినుండి తెలుగు పద్యము, తెలుగు యక్షగానము వర్ధిల్లిన నగరమది. అప్పుడు మరాఠా రాజు తుళజాజీ ఏలుచుండెను. 1773లో కంపెనీవారు నవాబు పక్షమున ఆయనను పదవీచ్యుతుని చేసి, 1776లో మరల నిలిపిరి. ప్రజలకు రాజుమీద నమ్మకము లేదు, కంపెనీమీద అంతకంటె లేదు. యుద్ధకాలమున కోటలో కరవు ప్రవేశించెను. సిపాయిలు ఆకలితో పడిపోవుచుండిరి, వీధులలో శవములుండెను. పల్లెలలో ధాన్యము లేకపోలేదు, దానిని మోయుటకు ఎద్దులును లేకపోలేదు. కాని మునుపు రైతుల ఎద్దులను తోలుకొనిపోయినవారు బాడుగ ఇయ్యలేదు. ఇప్పుడు రాజు పిలిచినను కంపెనీ పిలిచినను ఒక్క బండి కదలలేదు.

అప్పుడు అధికారులు ష్వార్ట్జ్‌ను వేడుకొనిరి. ఆయన ఉపదేశులను పల్లెలకు పంపి, ధాన్యమునకును బాడుగకును తానే పూటయని చెప్పించెను. రెండు మూడు దినములలో 1,000 ఎద్దులు వచ్చినవి. రైతులు ప్రాణములకు తెగించి సుమారు 80 వేల కలముల ధాన్యమును కోటలోనికి చేర్చిరి. వారికి రావలసిన సొమ్మును ఆయన లెక్క ప్రకారము చెల్లించెను. ఇదియు గాక, యుద్ధము రాగలదని ముందే గ్రహించి ధర తక్కువగా నున్నప్పుడు కొని నిలువచేసిన వడ్లతో అనేకులను బ్రదికించెను. కోట నిలిచినందుకు సేనానులకు కీర్తి వచ్చినది. దానిని నిలిపినది బాడుగ అందునని నమ్మిన ఆ ఎద్దులవారు. సమాధానపు మాటలలో ఎన్నడును పిలువబడనివారిని పిలిచి, వారి బాకీ తీర్చి, ఆయన పని జరిపించెను.

యుద్ధము ముగియు కాలమున ఆయనను మరల టిపూ సుల్తానుతో సంధి మాటలకు పంపిరి. ఈసారి సత్యమంగళమువద్దనే టిపూ మనుష్యులు నిలిపివేయగా తిరిగివచ్చెను. 1784 మార్చిలో మంగుళూరు సంధి ఆయన లేకయే జరిగినది.

తంజావూరులో శాంతి వచ్చినను న్యాయము రాలేదు. రాజు అధికారుల బలాత్కారము తాళలేక రైతులు వేలకొలది ఊళ్లు విడిచి పారిపోయిరి. దిద్దుబాటుకై కంపెనీవారు ఒక సభను ఏర్పరచి ష్వార్ట్జ్‌ను అందు సభ్యుని చేసిరి. ఎవరినిగాని బలవంతపెట్టి రాబట్టరాదని ఆయన ఒప్పించుకొని, ఇకమీదట అన్యాయము జరుగనియ్యనని రైతులకు వర్తమానము పంపెను. ఒక్క దినమున 7,000 మంది తిరిగివచ్చిరని ఆయనయే వ్రాసియున్నాడు. సాగు అదను దాదాపు దాటిపోయినదని ఆయన జ్ఞాపకము చేయగా, ఆయన చేసిన మేలునకై రాత్రింబగళ్లు పనిచేసెదమని వారు మడులలోనికి దిగిరి.

ఆయన తప్పులు చేయనివాడు కాడు. 1787లో తుళజాజీ మరణకాలమున, తాను దత్తత చేసికొనిన పది యేండ్ల శరభోజిని ష్వార్ట్జ్ చేతులలో పెట్ట జూచెను. నెలకు ఒకటి రెండుమారులు మాత్రమే బాలుని చూడగల తాను రక్షకుడుగా నుండజాలనని ఆయన నిరాకరించెను. రాజు తమ్ముడగు అమరసింహుని సంరక్షకునిగా నియమించినయెడల, అవతలి పక్షమువారును శాంతింతురని సలహా చెప్పెను. సలహాలో తర్కము లేకపోలేదు. బయట నిలుపబడినవాడే కలహము రేపును గనుక వానిని లోపలికి పిలుచుట ఆయన ఉద్దేశము. కాని రాజు చనిపోయిన కొలదికాలమునకే దత్తత చెల్లదని పండితులు చెప్పగా, కంపెనీవారు అమరసింహునినే సింహాసనమెక్కించిరి. శరభోజిని అతడు చీకటి గదిలో నుంచి చదువైనను చెప్పింపలేదు.

ఇక్కడనే ష్వార్ట్జ్ అయ్యగారి గొప్పతనము నాకు కనబడుచున్నది. తాను మొదట ఎత్తిపట్టిన మనుష్యునికి విరోధముగా ఆయన నిలువవలసివచ్చెను. బాలుని పక్షమున అధికారులకు లేఖలు వ్రాసెను, అతని చదువునకు ఏర్పాటు చేయించెను. ప్రభుత్వము శరభోజి సంరక్షణను ఆయనకే అప్పగించెను. 1793లో బాలుని చెన్నపట్టణమునకు చేర్చి, అక్కడ మిషనెరీ గెరికె చేతిక్రింద విద్య చెప్పించిరి. దత్తత విషయము తిరిగి విచారింపబడి, 1798లో శరభోజి రాజాయెను. ఆ పట్టాభిషేకమును చూచుటకు ష్వార్ట్జ్ బ్రదికియుండలేదు.

మరియొక సంగతి చెప్పక విడువరాదు. రాజులకును రైతులకును నడుమ గోడలు తీసిన ఈ సేవకుడు, తన సంఘములోని గోడను తీయలేదు. తరంగంబాడిలో మొదటినుండియు వెల్లాల విశ్వాసులును పరయ విశ్వాసులును వేరువేరుగా కూర్చుండు ఆచారముండెను. ఆయన దానిని సమ్మతింపకపోయినను సహించెను. కాలక్రమమున, బోధవలన, అది తానై కరగునని ఆయన ఆశ. అది కరగలేదు. ఆయన ప్రియశిష్యుడగు తంజావూరు వేదనాయక శాస్త్రియే తరువాతి తరములో కులాచారమును సమర్థించుచు వ్రాసెను. 1833లో బిషప్ డానియేలు విల్సను ఆ భేదము తక్షణమే పోవలెనని ఆజ్ఞ పంపినప్పుడు తంజావూరు సంఘము చీలికలైనది. పొలములోని రైతు మాటను విన్న ఆయన, ఆలయములో దూరముగా కూర్చుండబెట్టబడిన విశ్వాసి మాటను ఎందుకు వినలేదు? సంఘము చెదరునను భయము కావచ్చును. మన తెలుగు సంఘములలో ఊరివారికి ఒక ఆలయమును, పేటవారికి ఒక ఆలయమును నేటికిని ఉన్నచోట్ల ఈ ప్రశ్నను ఆయనకు మాత్రమే వేసి ఊరకుండుట న్యాయము కాదు.

1797 చివర ఆయన జబ్బుపడెను. కాలిమీది పుండు మానలేదు. తాను కుమారునివలె పెంచిన కోలాఫును, గెరికెయు ఆయన ప్రక్కనుండిరి. శరభోజి వచ్చి చూచెను. 1798 ఫిబ్రవరి 13న, 71 ఏండ్ల ప్రాయమున, ఆయన ప్రభువునందు నిద్రించెను. దేశము వచ్చి 47 ఏండ్లు గడిచినను ఒక్కమారైనను స్వదేశమునకు తిరిగి పోలేదు. తనకున్న సొమ్మును మిషనుకును బీదలకును వ్రాసిపెట్టెను.

శరభోజి క్రైస్తవుడు కాలేదు. కడవరకు తన పితరుల మతములోనే యుండెను. కాని లండనులో జాన్ ఫ్లాక్స్‌మను అను శిల్పిచేత పాలరాతి ఫలకము చెక్కించి తంజావూరు కోటలోని ఆలయములో నిలిపెను. మంచముమీద వృద్ధుడు పరుండియున్నాడు, ప్రక్కన గెరికె నిలిచియున్నాడు, పాఠశాల బాలురు ముగ్గురు దగ్గర నున్నారు. రాజు మంచమునకు ఆనుకొని ఆ వృద్ధుని చెయ్యి పట్టుకొనియున్నాడు.